హైదరాబాద్‌లో "మెంబర్లకు మాత్రమే" పోకర్ క్లబ్బు, ఫోన్లో క్లబ్ యాప్: కేసు పడేది ఎక్కడ?

రివర్‌కార్డు (ప్రశ్న):

నమస్కారమండీ. రెండు విషయాలు తేల్చుకోవాలి.

ఒకటి. హైదరాబాద్‌లో ఒక అద్దె విల్లాలో పోకర్ నడుస్తోంది. బయట బోర్డు లేదు, తెలిసినవాళ్లు చెబితేనే లోపలికి రానిస్తారు. మెంబర్‌షిప్ ఫారం మీద సంతకం పెట్టాలి, ఏడాదికి 2,000 కట్టాలి. టేబుల్ దగ్గర కూర్చుంటే మనిషికి గంటకు 300 సీటు ఫీజు. "పాట్‌లోంచి, అంటే ఆటలో అందరూ పందెం కాసిన డబ్బులోంచి, పైసా తియ్యం, అంటే రేక్ లేదు. పోకర్ నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది. కేసు పెట్టినా నిలవదు" అంటున్నారు.

రెండు. అదే నిర్వాహకుడికి ఒక యాప్‌లో ప్రైవేట్ క్లబ్ ఉంది. క్లబ్ నంబర్ కొట్టి చేరాలి. యాప్ కంపెనీ మాత్రం ఇవి ఉత్త ఆట చిప్సే (డబ్బుగా మారని ఆట బిళ్లలే) అని రాసుకుంది. కానీ ఏజెంటుకు యూపీఐలో డబ్బు పంపితే చిప్స్ ఎక్కిస్తాడు, సోమవారం సోమవారం లెక్క తేల్చి గెలిచింది వెనక్కి పంపుతాడు. 2025లో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చాక పెద్ద సైట్లన్నీ డబ్బు టేబుళ్లు మూసేశాయి కదా, మరి ఇది దాని కిందకి రాదా?

సెక్షన్15:

సుప్రీంకోర్టు పోకర్ గురించి అలా చెప్పలేదండీ. 1967లో కె. సత్యనారాయణ కేసులో చెప్పింది రమ్మీ గురించి. అది సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పడిన కేసు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో నైపుణ్యానిదే పెద్ద పాలు అంది. మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టం అంది. పోకర్ ఆ తీర్పులో లేదు.

హైకోర్టులేమో తలోదారి పట్టాయి. గుజరాత్ హైకోర్టు 2017లో పోకర్‌ను జూదమే అంది. మద్రాసు హైకోర్టు 2023లో తమిళనాడు చట్టాన్ని నిలబెడుతూనే, నిషిద్ధ ఆటల జాబితాలోంచి రమ్మీనీ పోకర్‌నీ తీసేసింది. పశ్చిమ బెంగాల్ 1957 చట్టం అయితే బ్రిడ్జ్, పోకర్, రమ్మీ జూదం కాదని పేర్లు పెట్టి మరీ రాసింది. కోల్‌కతా స్నేహితుడెవరైనా "మా దగ్గర మామూలే" అన్నాడంటే అతను చెప్పింది నిజమే, కాకపోతే అది హైదరాబాద్‌లో మీకు పనికిరాదు. జూదం మీద చట్టం చేసే అధికారం రాజ్యాంగం 7వ షెడ్యూలు రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. అందుకే సరిహద్దు దాటితే చట్టం మారిపోతుంది.

అసలు సంగతి మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1974 గేమింగ్ చట్టంలో సెక్షన్ 15 అని ఒకటి ఉండేది. నైపుణ్యం ఆటలకు ఈ చట్టం వర్తించదు అనేది దాని సారాంశం. క్లబ్బులన్నీ దశాబ్దాలపాటు దాని మీదే బతికాయి. తెలంగాణ 2017లో వరసగా ఆర్డినెన్సులు తెచ్చి, ఆపై చట్టం చేసి ఆ సెక్షన్‌ను ఎత్తేసింది. నైపుణ్యం ఆట మీద డబ్బు పెట్టినా పందెమే అని నిర్వచనంలో చేర్చింది, ఆన్‌లైన్‌నూ లోపలికి లాగింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. కాబట్టి "పోకర్ నైపుణ్యమా, అదృష్టమా" అని గంటలు వాదించినా మన రెండు రాష్ట్రాల్లో ఆ వాదనకు ఆసరాగా ఉండే సెక్షన్ ఇప్పుడు లేదు.

లెక్కలపద్దు:

సీటు ఫీజు మాయ కాస్త లెక్క వేసి చూడండి. 9 మంది కూర్చున్నారు, ఒక్కొక్కరికి 300, గంటకు 2,700. అదే క్లబ్బు రేక్ తీస్తే? డీలర్ (ముక్కలు పంచేవాడు) గంటకు సుమారు 25 ఆటలు పంచుతాడు. సగటు పాట్ 2,000 అనుకుంటే 5 శాతం 100, గంటకు 2,500. అంటే రేక్ లేదంటూ రేక్ కంటే ఎక్కువే లాగుతున్నారు.

సత్యనారాయణ తీర్పులో ఈ ఫీజుల మాట కూడా ఉంది, క్లబ్బులవాళ్లు సగమే చెబుతారు. బిలియర్డ్స్‌కో టెన్నిస్‌కో తీసుకున్నట్టు పేకాటకు కొంత రుసుము తీసుకుంటే, అది మితిమీరనంతవరకు, లాభం చేసుకున్నట్టు కాదు అంది. అదే తీర్పు, యజమాని గానీ క్లబ్బు గానీ పందేలాటలోంచి లాభం తీస్తున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం నిలబడవచ్చనీ అంది. రమ్మీ అయినా సరే. ప్లాస్టిక్ పేక కట్టలు నెలలు వస్తాయి, టీ, కరెంటు, డీలర్ జీతం కలిపినా రెండు టేబుళ్ల మీద రాత్రికి ముప్పై నలభై వేలు ఖర్చు అని ఎవరూ చూపించలేరు. మిగిలింది లాభమే. సెక్షన్ 15 ఉన్న రోజుల్లోనే ఇది ఇబ్బంది పెట్టే లెక్క.

ఇంట్లో స్నేహితుల ఆటకూ దీనికీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆట ముగిశాక చిప్స్ లెక్క చూడండి. మొత్తం కొన్న చిప్స్ 45,000, వెనక్కిచ్చిన డబ్బు 45,000 అయితే ఇంటాయనకు ఏమీ మిగల్లేదు. కొన్నది 45,000, వెనక్కొచ్చింది 41,500 అయితే ఆ 3,500 ఇంటిది. "కామన్ గేమింగ్ హౌస్" (జూదగృహం) అనే నేరం మొదటినుంచీ ఆ 3,500 చుట్టూనే తిరిగింది. "టీ ఖర్చులకి" అన్నా, "డీలర్ టిప్పు" అన్నా దాని పేరు మారుతుందంతే.

నల్లాసు:

క్లబ్బు మెంబర్లమే కాబట్టి ప్రైవేటు అనే మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. మూసిన తలుపు, మెంబర్‌షిప్ ఫారం రెండూ కామన్ గేమింగ్ హౌస్ నిర్వచనానికి అడ్డు కాదు. నడిపేవాడిదొక నేరం, అక్కడ దొరికినవాడిది వేరే నేరం. "నేను ఆడలేదు, చూస్తున్నాను" అన్నా లాభం లేదు, ఆడడానికి వచ్చి అక్కడ ఉన్నా చాలు. సరైన అధికారపత్రంతో సోదా చేసి పేకలు, చిప్స్, పద్దు పుస్తకం పట్టుకుంటే అది జూదగృహమే అని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది మీరు. ఆట లెక్క రాసిన కాగితం కూడా చట్టం దృష్టిలో ఆట సామగ్రే. మీరు సంతకం పెట్టిన ఆ మెంబర్‌షిప్ ఫారం మిమ్మల్ని కాపాడదు సరికదా, మీరు తరచూ వచ్చేవారని చూపే కాగితం అవుతుంది.

ఆన్‌లైన్ సంగతి వేరే. కేంద్రం చట్టంలో ఆడేవాడికి శిక్ష లేదు, కాబట్టి యాప్‌లో భయం లేదనుకుంటా.

సెక్షన్15:

నల్లాసు గారూ, మొదటి పేరా అక్షరాలా నిజం. చివరి వాక్యం మాత్రం ఒప్పుకోలేను.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో ఆడేవాడికి శిక్ష రాయలేదు, అంతవరకు సరే. కానీ తెలంగాణ, ఆంధ్ర చట్టాల్లో ఆడేవాడూ నేరస్థుడే, ఆన్‌లైన్ ఆట వాటి పరిధిలోనే ఉంది. కేంద్రం వదిలేసినంత మాత్రాన రాష్ట్రం వదిలేసినట్టు కాదు.

ఇక ఆ ఏజెంటు సంగతి. కేంద్ర చట్టం "డబ్బు ఆట" అనడానికి నైపుణ్యమా అదృష్టమా అని చూడదు. రుసుమో పందెమో కట్టి, డబ్బు వస్తుందని ఆడితే చాలు. డబ్బుగా మారే క్రెడిట్లు, కాయిన్లు, టోకెన్లు కూడా పందెం కిందే లెక్క. యాప్ బయట యూపీఐలో తేల్చుకున్నా చిప్స్ డబ్బుగా మారుతున్నాయి కదా. అలాంటి ఆటను అందించినా, అందించడానికి తోడ్పడినా 3 ఏళ్ల వరకు జైలు లేదా కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రకటనకు 2 ఏళ్లు, 50 లక్షలు. ఆట అందించడం, దానికి డబ్బు లావాదేవీలు నడపడం, రెండూ బెయిలు హక్కుగా దొరకని నేరాలు. సర్వరు విదేశంలో ఉన్నా ఇక్కడివాళ్లకు ఆట అందిస్తే వర్తిస్తుంది.

రివర్‌కార్డు గారూ, మీకు ప్రత్యేకంగా ఒక మాట. "నలుగురిని చేర్చండి, వాళ్ల రేక్‌లో మీకు వాటా" అని ఏజెంటు అడుగుతాడు. ఒప్పుకున్న రోజున మీరు ఆటగాడు కాదు, ఆట అందించడానికి తోడ్పడినవారు. దయచేసి ఆ గీత దాటొద్దు.

లెక్కలపద్దు:

యాప్ క్లబ్బుల్లో కేసు కంటే ముందు వచ్చే కష్టం బ్యాంకు ఖాతా ఆగిపోవడం. సోమవారం మీకు 18,000 వచ్చింది అనుకోండి. పంపింది ఏజెంటు పేరున్న ఖాతా కాదు, ఎవరిదో ముక్కూమొహం తెలియని ఖాతా. అందులోకి అంతకుముందు ఏదో మోసంలో పోయిన డబ్బు వచ్చి ఉంటుంది. పోగొట్టుకున్నాయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. పోలీసులు డబ్బు పారిన ప్రతి ఖాతానీ వరసగా పట్టుకుంటారు, మీది రెండో మూడో మెట్టు. ఒక్కోసారి ఆ 18,000 మాత్రమే ఆపుతారు, ఒక్కోసారి జీతం పడే ఖాతా మొత్తం నిలిచిపోతుంది. ఫిర్యాదు వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి స్టేషన్‌తో మాట్లాడాలి.

అలా జరిగితే ముందు బ్యాంకును రాతపూర్వకంగా అడగండి: ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఎంత మొత్తం మీద హోల్డు. తర్వాత ఆ దర్యాప్తు అధికారికి స్టేట్‌మెంటు జతచేసి, వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపి మిగతాది వదలమని ఈమెయిల్ పెట్టండి. కదలకపోతే ఆ పరిధిలోని మెజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు. డబ్బు ఎందుకు వచ్చిందని తప్పక అడుగుతారు. "స్నేహితుడు అప్పు తీర్చాడు" అని రాసి, తర్వాత చాట్‌లో చిప్స్ లెక్క బయటపడితే చిన్న చిక్కు పెద్దదవుతుంది. ఆ జవాబు లాయర్‌కు చూపించాకే పంపండి.

ఏజెంటు మాయమైతే? 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన డబ్బు ఇప్పించమని దావా వెయ్యలేరు. క్రెడిట్ మీద చిప్స్ తీసుకుని మీరు బాకీ పడితే అతనూ కోర్టుకు పోలేడు, అందుకే మనుషుల్ని పంపుతాడు. క్రెడిట్ చిప్స్ జోలికి అస్సలు పోవద్దనేది అందుకే.

రివర్‌కార్డు:

చాలా థ్యాంక్సండీ. ఒక్క సందేహం మిగిలింది. 2023-24లో పెద్ద సైట్లలో ఆడినప్పుడు టీడీఎస్ కోసుకున్నారు, జీఎస్టీ కూడా పట్టారు. పన్ను కట్టాం కాబట్టి ఆట చట్టబద్ధమే కదా అని ఆ క్లబ్బాయన వాదన.

లెక్కలపద్దు:

కాదండీ. ఆదాయపు పన్ను శాఖ ఆదాయం వచ్చిందా అని చూస్తుంది, ఎలా వచ్చిందో దాన్నిబట్టి మాఫీ ఇవ్వదు. పన్ను రసీదు లైసెన్సు కాదు.

ఆ ఏడాది లెక్క మీ దగ్గర సరిగ్గా ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఆన్‌లైన్ ఆటకు అప్పుడు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 194బీఏ కింద నికర గెలుపు మీద 30 శాతం కోసేవారు. ఉదాహరణకు లక్ష వేశారు, ఏడాదిలో 1,40,000 తీశారు, మార్చి 31న ఖాతాలో 10,000 ఉంది, మొదట్లో నిల్వ సున్నా. 1,40,000కి 10,000 కలిపి లక్ష తీసేస్తే 50,000, దాని మీద 15,000. రిటర్నులో 4 శాతం సెస్సు కలిస్తే 15,600. ఒక సైట్లో గెలుపు, ఇంకో సైట్లో నష్టం ఉంటే సైట్లు విడివిడిగా కోసి ఉంటాయి, కాబట్టి రెండిటి స్టేట్‌మెంట్లూ దాచిపెట్టండి. క్లబ్బు టేబుల్ మీద గెలిచిన నగదుకు అప్పుడు సెక్షన్ 115బీబీ, అదీ 30 శాతమే, కానీ పోయిన రాత్రుల నష్టం తీసెయ్యనిచ్చేవారు కాదు.

నల్లాసు:

సెక్షన్15 గారు చెప్పింది నిజమే, రాష్ట్ర చట్టం నేను మరిచాను, నా చివరి వాక్యం వదిలెయ్యండి.

లైవ్ టేబుల్ మీద డబ్బుకు ఆడాలనే ఉంటే గోవా, సిక్కింలో లైసెన్సున్న కాసినోలు ఉన్నాయి. అక్కడ రేక్ ఎంత తీస్తారో అడిగితే చెబుతారు, గెలిస్తే రసీదు ఇస్తారు. విల్లా క్లబ్బులో ఆ రెండూ అడిగి చూడండి, ఏం జవాబు వస్తుందో.