చిన్న గిటార్ ఆంప్‌కి ఏ స్పీకర్ వెయ్యాలి?

నాది 10 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్, 8 అంగుళాల స్పీకర్ కోన్ చిరిగిపోయి లావు తీగ మీటితే బర్రుమంటోంది, వెనకాల 4 ఓమ్స్ (స్పీకర్ కరెంటుకి ఇచ్చే అడ్డు, ఇంపిడెన్స్) అని రాసుంది, 8 ఓమ్స్‌ది వేస్తే ఆంప్ కాలిపోతుందా?

» కాలదు అన్నా, పవర్ దాదాపు సగానికి పడిపోతుందంతే. 4 కంటే తక్కువది మాత్రం వద్దు. అదే వాల్వ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులుండేది) అయితే ఎంత రాసుంటే అంతే వెయ్యాలి.

» వాట్లకంటే సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కి స్పీకర్ ఎంత సౌండ్ ఇస్తుందో చూడు బ్రో, 3 డెసిబెల్స్ ఎక్కువుంటే ఆంప్ పవర్ రెట్టింపు చేసినట్టే. హైఫై స్పీకర్ మాత్రం వద్దు, నేను వేసి చూశా, డిస్టార్షన్ పెడితే చెవుల్లో గుచ్చినట్టుంది, గిటార్ స్పీకరైతే 5 కిలోహెర్ట్జ్ దాటాక సౌండ్ బాగా తగ్గిపోతుంది కాబట్టి ఆ గుచ్చుడు ఉండదు.

» సెలెస్టియన్ కంపెనీ 8 అంగుళాల గిటార్ స్పీకర్ ఎయిట్ 15 చూడండి, 4 ఓమ్స్‌లో ఉంది. కొనేముందు బోల్టు కన్నాలు, మ్యాగ్నెట్ లోతు కొలుచుకోండి.

థాంక్స్ అన్నా, 4 ఓమ్స్‌దే వేస్తా.