బీపీ, షుగర్ పేషెంట్లకు వాట్సాప్‌ల సమాచారం: గ్రూపు పెట్టొచ్చా?

ఏఎన్ఎం, మునుగోడు దిక్కు:
అందరికి నమస్తే. మా పల్లె దవాఖానల బీపీ, షుగర్ గోలీలు నెలనెలా తీస్కపోయేటోళ్లు మస్తుమంది. గోలీలు ఎన్నడిస్తం, పరగడుపున రక్తపరీక్ష ఏ రోజు, తిండి ఎట్లుండాలె, ఇవన్ని ఫోన్ల చెప్దామనుకుంటున్న. అందర్ని కలిపి గ్రూపు చేయొచ్చా? చానామందికి సదువు రాదు. కొందరి ఇండ్లల్ల ఫోను ఒక్కటే, అది కొడుకు దగ్గరుంటది.

స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్:
గ్రూపు వద్దు సిస్టర్. అండ్ల ఒకరి నంబరు అందరికి కనబడ్తది. షుగర్ గ్రూపు అని పేరు పెడితే ఎవరికి ఏం రోగముందో మనమే ఊరంత చాటినట్టయితది. టీబీ, హెచ్ఐవీ వాళ్ల సంగతైతే ఇంక జాగ్రత్త. హెచ్ఐవీ ఉన్నదని ఆ మనిషి ఒప్పుకోకుండ బయట పెట్టొద్దని 2017 చట్టమే చెప్తది.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేయండి. ఒక లిస్టుల 256 మంది దాక పడ్తరు, ఎవరికి వాళ్లకే విడిగ పోతది. కాని మీ నంబరు వాళ్ల ఫోన్ల సేవ్ అయి ఉంటెనే మెసేజ్ అందుతది. గోలీలిచ్చేటప్పుడే ఫోను తీస్కొని సేవ్ చేసియ్యండి. పంపొచ్చా అని అడిగి రిజిస్టర్ల రాసుకోండి.

ఇంకోటి, ఏ నంబరుకు పంపాలెనో పేషెంటునే అడగండి. గర్భిణి సంగతి, కుటుంబ నియంత్రణ సంగతి భర్త ఫోనుకో అత్త ఫోనుకో పోతే ఆమెకు ఇంట్ల ఎంత కష్టమైతదో మనకు తెల్వంది కాదు.

ఏఎన్ఎం:
మంచిది మేడమ్. సదువు రానోళ్లకు వాయిస్ పెట్టాల్నా?

స్టాఫ్ నర్సు:
వాయిసే మేలు, అది కూడ మీ గొంతుతోనే. రోజు చూసే సిస్టర్ చెప్తే నమ్ముతరు. నిమిషం దాటొద్దు, ఒక్కసారి ఒక్కటే ముచ్చట. "ఉప్పు తగ్గించండి" అని ఊకుంటే సాలదు. మామిడికాయ తొక్కు, అప్పడాలు, ఎండు చాపలు అని పేరు పెట్టి చెప్పండి. మొదట్లనే తారీఖు చెప్పండి, లేకపోతే పాత వాయిస్ నెలల తర్వాత ఫార్వర్డ్ అయి, గోలీలిస్తున్నరనుకొని ముసలోళ్లు ఎండల వస్తరు. గోలీ డోసు మాత్రం ఫోన్ల మార్చొద్దు. మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా, ఛాతిల నొప్పి లేసినా మెసేజ్ పెట్టుకుంట కూసోవద్దని, వెంటనే 108కి కొట్టాలని ప్రతి నెలా చెప్పండి.

ఆశా కార్యకర్త, నారాయణపేట జిల్లా:
మా దిక్కు బొంబాయి, పుణె వలస పోయేటోళ్లు ఎక్కువ. పోయేముందు గోలీల చీటీ, గోలీల పట్టీ ఫోటో తీసి వాళ్ల ఫోన్లనే పెట్టిస్తం. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో సాఫ్‌గ కనబడాలె. అక్కడి డాక్టరుకు చూపిస్తే ఏం మింగుతున్నరో తెలుస్తది. ఆ ఫోటోలు మన ఫోన్ల ఉంచుకోవద్దక్కా.

ఏఎన్ఎం:
మరి ఎవరికి అందిందో ఎట్ల తెలుస్తది?

స్టాఫ్ నర్సు:
పంపిన మెసేజ్‌ను ఒత్తిపట్టి ఇన్ఫో చూడండి, ఎవరికి చేరిందో పేర్లొస్తయి. రెండు మూడు రోజులైనా పేరు రానోళ్లకు, బటన్ ఫోనోళ్లకు మామూలు కాల్ చేయండి. ఫోనే లేనోళ్ల పేర్లు మీ ఆశా అక్కకు రాసియ్యండి, ఇంటికి పోయి చెప్తది.