ఎమ్డెన్ మోడల్‌కి గన్స్ గేలం కర్రల్లా వచ్చాయి, ఎక్కడ తప్పానో చెప్పండి

చీరాల కుర్రాడు:
అందరికీ నమస్కారం. రెవెల్ కంపెనీ వాళ్ళ 1/350 (అసలు ఓడలో 350వ వంతు సైజు) ఎమ్డెన్ ఓడ మోడల్ కిట్ కడుతున్నా. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి పోయిన జర్మన్ యుద్ధనౌక (క్రూజర్) అదే. మా ముత్తాత అప్పట్లో జార్జిటౌన్‌లో ఓ కొట్లో గుమస్తా, ఆ రాత్రి ఆయిల్ ట్యాంకులు అంటుకుని ఆకాశం ఎర్రబడితే తెల్లారేసరికి రైలెక్కి గూడూరు వచ్చేశాడంట, చెప్పులు కూడా వేసుకోలేదని మా నాయనమ్మ ఎప్పుడూ నవ్వేది. ఆ కథ కోసమే ఈ ఓడ మొదలెట్టా.

సమస్య ఏంటంటే కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ గన్స్ లావుగా ములక్కాడ ముక్కల్లా ఉన్నాయి, మూతికి బొక్క కూడా లేదు. అవి కోసేసి సిరంజి సూదులతో కొత్తవి చేద్దామనుకున్నా. గన్ పేరు 10.5 సెం.మీ. ఎస్‌కె ఎల్/40 కదా, 10.5ని 40తో గుణిస్తే 420 సెంటీమీటర్లు, 350తో భాగిస్తే 12 మిల్లీమీటర్లు. సరిగ్గా 12 కోసి షీల్డు (గన్ దగ్గర మనుషులకి అడ్డుగా ఉండే రేకు) ముందు అతికించా. నాలుగు గన్స్ అయ్యాక దూరం నుంచి చూస్తే గేలం కర్రలు పట్టుకుని చేపలకి కూర్చున్నట్టుంది ఓడంతా. లెక్క కరెక్టేగా? ఎక్కడ తేడా కొట్టింది?

విశాఖ మావయ్య:
అబ్బాయ్ లెక్క కరెక్టే, కొలత మొదలెట్టిన చోటు తప్పు. నేను నేవీలో గన్ మౌంటింగుల (గన్‌ని డెక్‌కి బిగించే పీఠాల) దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి ఇది చూడగానే అర్థమైంది. ఎల్ పక్కనున్న 40 అంటే రంధ్రం వ్యాసానికి 40 రెట్లు పొడవు అని, అంతవరకు ఓకే. కానీ జర్మన్లు ఆ పొడవు మూతి నుంచి బ్రీచ్ (గుండు పెట్టే వెనక భాగం) వెనక అంచు దాకా మొత్తం కలిపి చెప్తారు. ఇంగ్లీషు వాళ్ళు లోపలి గొట్టం పొడవే చెప్తారు, బ్రీచ్ దానికి అదనం. అందుకే రెండు దేశాల గన్స్ పక్కపక్కన పెట్టి 40 ఎక్కువా 45 ఎక్కువా అని పోల్చేవాళ్ళు తరచూ బోల్తా పడతారు.

నీ 12 మిల్లీమీటర్లలో బ్రీచ్ కూడా ఉంది, షీల్డు లోపల ఉండే ముక్కా ఉంది. నువ్వేమో 12 మొత్తం షీల్డు బయటే పెట్టేశావు. ఇంటి వెడల్పంతా వరండాకే ఇచ్చేస్తే ఇక వంటిల్లు ఎక్కడుంటుంది చెప్పు?

షీల్డు ముందు ఎంత కనపడాలో ఏ పుస్తకంలోనో అంకె దొరుకుతుందని వెతక్కు. ఫోటో తీసుకుని కొలువు. డెక్ మీద గన్ పక్కన నావికుడు నిలబడ్డ పాత ఫోటో ఒకటి పట్టుకో, మనిషి ఓ 1.7 మీటర్లనుకుంటే నీ స్కేలులో 4.9 మిల్లీమీటర్లు. ఫోటోలో మనిషి ఎత్తు ఎంత, షీల్డు ముందున్న గొట్టం ఎంత, ఆ నిష్పత్తి చాలు. అయితే గన్ ఫోటోకి అడ్డంగా ఉండాలి, నీ వైపు తిరిగి ఉంటే పొడవు తగ్గి కనపడుతుంది, మళ్ళీ మోసపోతావు.

చీరాల కుర్రాడు:
అయ్యో అదా సంగతి 🙏 మావయ్యా చాలా థాంక్స్. నాలుగు గన్స్ పీకాలి ఇక. ఫోటోల కోసం వెతికితే ఎమ్డెన్ గన్ అని పెద్ద పెద్దవి వస్తున్నాయి, నా కిట్‌లో గన్‌కి పొంతనే లేదు.

కరీంనగర్ కిట్:
తమ్మీ, ఎమ్డెన్ పేరుతోని ఒక్కటి కాదు, ముందు గది చూస్కో. నీది 1908ల నీళ్ళల్లకు దిగింది, దానికి పది 10.5 సెంటీమీటర్ల గన్స్. అది మునిగినంక 1916ల ఇంకోటి వచ్చింది గదే పేరుతోని, దానికి 15 సెంటీమీటర్లవి ఎనిమిది. మళ్ళ 1925ల మూడోది, దానికి గూడ 15వే ఎనిమిది. నెట్ల ఎమ్డెన్ గన్ అని కొడితే మూడూ కలిసి వస్తయ్. ఫోటో కింద ఏం రాసిన్రో నమ్మకు, ఓడకు పొగగొట్టాలు ఎన్నున్నయో ముందు లెక్కవెట్టు, నీదానికి మూడు. 1916దానికి గూడ మూడే, గందుకే గన్స్ ఎన్నున్నయో గూడ చూడు. గది గూడ జాగ్రత్త, నీ ఎమ్డెన్ జర్మన్లు నాలుగో గొట్టం ఒకటి గుడ్డతోని కట్టి ఇంగ్లీషోళ్ళ యార్మత్ ఓడ లెక్క వేషమేసిన్రు, 1914 అక్టోబర్ 28న పెనాంగుల దూరి రష్యా ఓడ జెమ్‌చుగ్‌ను ముంచింది గట్లనే.

ఇంకో ముచ్చట. నేను ఒకపాలి ఇసొంటి క్రూజర్‌కే ఇత్తడి బ్యారళ్ళు ఆర్డర్ వెట్టిన. అమ్మెటాయన జర్మన్ 105 మిల్లీమీటర్లు, కరెక్ట్‌గ సరిపోతది అన్నడు. కస్టమ్స్ కట్టి తెప్పిస్తే పొట్లం ఇప్పినంక చూస్తె ఒక్కోటి 19 మిల్లీమీటర్లు దాటింది. అవి ఎస్‌కె సి/33లు, తర్వాత వచ్చిన జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ మీద విమానాలను కొట్టెటందుకు పెట్టినయ్, 65 రెట్ల పొడవు. రంధ్రం గదే 105, కని మధ్యల ఇరవై ఏండ్ల పైన తేడా. వాపస్ తీస్కోమంటే మాట్లాడుతలేడు. డబ్బాల ఇప్పటికీ పడి ఉన్నయ్, ఎవలికన్న బిస్మార్క్ ఉంటె చెప్పున్రి, ఊకెనే ఇస్త.

సిడ్నీ అమ్మాయి:
హాయ్, మోడలింగ్ నాకు రాదు, మా ఆయనకి పిచ్చి, ఆయన ఫోన్లో ఈ చర్చ చూసి రాస్తున్నా. ఆ ఎమ్డెన్ గన్ అసలుది మా ఇంటికి దగ్గర్లోనే ఉంది! సిడ్నీ హైడ్ పార్కులో దక్షిణం మూల. ఆ ఓడని 1914 నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర కొట్టింది ఆస్ట్రేలియా వాళ్ళ సిడ్నీ అనే ఓడేనంట కదా, ఆ గుర్తుగా 1917లో పెట్టారు. రోజూ బస్సు దిగి దాని పక్క నుంచే నడుస్తా, మద్రాసుని కొట్టిన గన్నని ఇప్పుడే తెలిసింది, మా అమ్మమ్మ వాళ్ళదీ మద్రాసే. ఇంకోటి కాన్‌బెర్రాలో వార్ మెమోరియల్ దగ్గర ఉంది. ఫోటోలు కావాలంటే తీస్తా, ఎటు నుంచి తీయాలో చెప్పండి. దిమ్మ మీద ఎత్తులో ఉంటుంది, టేపు పెట్టి కొలవమంటే మాత్రం నా వల్ల కాదు, పార్కులో అందరూ చూస్తారు 😅

విశాఖ మావయ్య:
అమ్మా నువ్వు దొరకడం ఈ అబ్బాయి అదృష్టం. టేపు అక్కర్లేదు తల్లీ. రెండు రకాల ఫోటోలు చాలు. ఒకటి మూతికి ఎదురుగా నిలబడి, రంధ్రమూ దాని చుట్టూ ఉన్న అంచూ గుండ్రంగా కనపడేట్టు. కోడిగుడ్డులా కనపడితే పక్కకి జరిగావని అర్థం. రెండోది బాగా దూరం వెళ్ళి జూమ్ చేసి సరిగ్గా పక్క నుంచి. దగ్గర నుంచి తీస్తే నీకు దగ్గరున్న భాగం లావుగా, అటు చివర సన్నగా వచ్చి కొలత చెడిపోతుంది. ఎదురుగా తీసేదానికి ఆ బాధ లేదు, రంధ్రమూ అంచూ ఒకే తలంలో ఉంటాయి.

అబ్బాయ్ ఇక నీ పని. రంధ్రం 105 మిల్లీమీటర్లని నీకు తెలుసు, అదే నీ స్కేలు బద్ద. ఉదాహరణకి స్క్రీన్ మీద రంధ్రం 20, బయటి అంచు 36 వచ్చిందనుకో, ఈ అంకెలు ఊరికే చెప్తున్నా, 36ని 20తో భాగించి 105తో గుణిస్తే 189, దాన్ని 350తో భాగిస్తే 0.54 మిల్లీమీటర్లు. నీ సూది బయటి మందం అదీ. అయితే బయట పెట్టిన పాత గన్స్‌కి వాన నీళ్ళు పోకుండా మూతి మూసేసి రంగేస్తుంటారు, అలా ఉంటే మూత అంచుని రంధ్రం అంచనుకోకు.

చీరాల కుర్రాడు:
అక్కా వీలున్నప్పుడే తీయండి, తొందరేం లేదు (అబద్ధం, చాలా తొందరగా ఉంది). ఈలోపు ఆఫ్రికాలో కూడా ఇవే గన్స్ ఉన్నాయని ఎక్కడో చదివా, నిజమేనా?

కరీంనగర్ కిట్:
నిజమే. కోనిగ్స్‌బర్గ్ అనే ఓడవి, దానికి గూడ ఇవే పది. రుఫీజీ నది డెల్టాల 1915ల ఓడ పోయినంక జర్మన్లు గన్స్ విప్పుకపోయి బండి చక్రాల మీద కట్టి నేల మీద యుద్ధం చేసిన్రు. ప్రిటోరియాల ఒకటి, మొంబాసల ఒకటి ఉన్నయ్. గొట్టం చూసుటానికి మంచిగనే పనికొస్తయ్, కింది మౌంటింగు మాత్రం ఓడది కాదు, చక్రాలది చూసి నువ్వు డెక్ మీద కట్టకు మళ్ళ. మొంబాసల దాని పక్కకే ఇంగ్లీషోళ్ళ పెగాసస్ ఓడ గన్ గూడ ఉంటది, అది 4 అంగుళాలది, ఫోటోల రెండూ ఒక్కతీరుగనే కొడ్తయ్.

ఇగ సూదుల సంగతి, నేను చేసినయ్ చెప్త. 24జి (గేజ్, సూది మందం నంబరు) సూది కొను, ప్లాస్టిక్ మూతి ఊదా రంగుల ఉంటది. బయట 0.57, లోపట 0.31 ఉంటది. నీకు కావల్సిన రంధ్రం 105ను 350తోని భాగిస్తె 0.3, డ్రిల్లే అవసరం లేదు. బ్రీచ్ దిక్కు లావు కావాలె కద, దానికి 20జి, పసుపు రంగుది, లోపట 0.6 ఉంటది, 24 దాంట్ల జారి పోతది. మెడికల్ షాపుల పది పన్నెండు రకాల సూదులడిగితె వాడు నన్ను ఎట్ల చూసిండో నీకేం చెప్పాలె, మోడల్ ఓడ ఫోటో చూపిస్తే గని ఇయ్యలే.

కట్టర్‌తోని కొరికితె మూతి చదునైతది. సూది లోపలికి సన్నటి తీగె ఎక్కించి, గాజుపలక మీద పెట్టి, బ్లేడు బదులు సన్నటి అంచున్న ఆకురాయితోని చుట్టూ గీత పడేదాంక వేలుతోని దొర్లించు. గీత లోతైనంక రెండు దిక్కుల పట్టి ఒంచితె టక్కుమంటది. తీగె తీసేసి మూతిని నీళ్ళ కాయితం (తడిపి రుద్దె గరుకు కాయితం) మీద నిలువుగ నాలుగు సుట్లు తిప్పు. అద్దాలు పెట్టుకో, ముక్క ఎగురుతది, నాకు ఒకటి కనుబొమ్మకు గుచ్చుకున్నది.

చీరాల కుర్రాడు:
అన్నా ఇది బంగారం లాంటి సమాచారం. సూపర్ గ్లూ పెడితే చుట్టూ తెల్లగా పొగ పట్టినట్టు అవుతోంది నాకు, ఇక్కడ సముద్రం గాలి తేమ వల్లనా?

కరీంనగర్ కిట్:
తేమ ఉన్నకాడ ఎక్కువైతది, జిగురు ఎక్కువ పెట్టినా గంతే. సూదిమొనతోని చుక్కల చుక్క ముట్టియ్యి, ఫ్యాన్ గాలి తగలనియ్యి, డబ్బాల మూసిపెట్టకు.

విశాఖ మావయ్య:
రంగు గురించి అడక్క ముందే చెప్తా. కిట్ పెట్టె మీద బొమ్మ ఎలా ఉన్నా, తెల్ల ఓడ పసుపు పొగగొట్టాలు శాంతికాలం వేషం. మద్రాసు రాత్రి చూపించాలంటే బూడిద రంగే. గన్స్ అమరిక కూడా ఒకసారి చూసుకో, ముందు డెక్ మీద రెండు పక్కపక్కన, వెనక రెండు పక్కపక్కన, మధ్యలో అటు మూడు ఇటు మూడు. పక్కకి కాల్చేటప్పుడు ఎదుటి వైపు గన్స్ పనిచేయవు, పదీ ఒకే వైపు తిప్పి పెట్టేవాళ్ళని చూశాను, అలా చేయకు.

ఇంకో చిన్న విషయం, ఈ గన్ గుండు ఇత్తడి కేసుతో కలిపి ఒకటే ముక్క, పెద్ద తూటా లాగా. మందు సంచులు విడిగా ఉండవు. డెక్ మీద ఏవైనా పడేయాలంటే ఖాళీ ఇత్తడి కేసులు పడేయి. ఆ రాత్రి అరగంట లోపే దాదాపు 130 గుండ్లు వేశారు, కేసులు కాళ్ళకి అడ్డం పడుతూ ఉండి ఉంటాయి.

సిడ్నీ అమ్మాయి:
ఫోటోలు పెట్టా చూసుకోండి. పక్క నుంచి తీయడానికి రోడ్డు అవతలకి వెళ్ళాల్సొచ్చింది, సిగ్నల్ దగ్గర మూడుసార్లు బస్సులు అడ్డమొచ్చాయి. ఎదురుగా తీసింది కొంచెం కింద నుంచి వచ్చింది, నేను పొట్టి. మా ఆయన్ని భుజాలెక్కించుకోమంటే ఒప్పుకోలేదు.

చీరాల కుర్రాడు:
అక్కా మీరు దేవత. కింద నుంచి తీసినా పర్లేదు, అడ్డం కొలత మాత్రమే తీసుకున్నా, నిలువుది వదిలేశా. 24జి సూది పెట్టి చూస్తే కంటికి తేడా తెలీట్లేదు. నిన్న రాత్రి ముందు డెక్ రెండు గన్స్ పెట్టా, ఇప్పుడు గన్స్ లాగే ఉన్నాయి. పీకేసిన నాలుగు పాతవి మాత్రం షీల్డుల పెయింటుతో సహా ఊడొచ్చాయి, ఒక షీల్డు విరిగింది కూడా. అది కిట్‌లో స్పేరు లేదు.

విశాఖ మావయ్య:
విరిగిన షీల్డుకి ప్లాస్టిక్ షీటు కొనక్కర్లేదు, కూల్ డ్రింకు టిన్ను ఉందా ఇంట్లో? దాని పక్క రేకు కత్తెరతో తెగుతుంది, పెన్ను గొట్టం మీద వంచితే షీల్డు వంపు వస్తుంది. మిగిలిన షీల్డుని అచ్చు పెట్టుకుని కోయి. అంచులు చెయ్యి కోస్తాయి, చూసుకో.

చీరాల కుర్రాడు:
టిన్ను ఉంది మావయ్యా. రేపు ఆదివారం మొదలెడతా, సాయంత్రానికి ఫోటో పెడతా.