క్రిస్మస్ ముందురాత్రి విందులో మాంసం ఎందుకు ఉండదు?

నీలిమేఘం:
నేను పోలండ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మా రూమ్మేట్ వాళ్ల అమ్మగారు డిసెంబర్ 24 రాత్రి భోజనానికి పిలిచారు, వాళ్లు దాన్ని విగీలియా అంటారు. 12 రకాలు వండుతారట, కానీ ఒక్కదాంట్లోనూ మాంసం ఉండదట. ఏడాదికి ఒక్కసారి వచ్చే పండగ, ఇంటిల్లిపాదీ కూర్చుని తినే భోజనం, అందులో మాంసం లేకపోవడమేంటి అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నా. మిగతా దేశాల్లోనూ ఇంతేనా? అక్కడ తెలియక ఏదైనా తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా కూడా ఉంది, ఇలాంటి భోజనానికి వెళ్లినవాళ్లుంటే చెప్పండి.

పాతముచ్చట:
టెన్షన్ ఏమీ వద్దండి, నేను రెండుసార్లు వెళ్లాను. 24 అసలు పండగ కాదు, పండగ ముందురోజు. కాథలిక్కులకి పూర్వం అది ఉపవాస దినం, మాంసం ముట్టకూడదు, చేప తినొచ్చు. ఇప్పుడు చర్చి ఆ నియమం పెట్టకపోయినా ఇళ్లల్లో ఎవరూ మానలేదు. 12 అనేది యేసు శిష్యుల లెక్క అంటారు. ఎర్రటి బీట్‌రూట్ సూప్, దాంట్లో పుట్టగొడుగులు కూరిన చిన్న చిన్న కుడుములు (వాటి పేరుకి అర్థం 'చిన్న చెవులు'), కార్ప్ చేప, క్యాబేజీ, గసగసాల స్వీట్లు ఉంటాయి. అన్నిట్లోంచీ కనీసం ఒక్క ముద్దైనా తినండి, వాళ్లకి అది ముఖ్యం.

ఆకాశంలో మొదటి చుక్క కనిపించాకే మొదలుపెడతారు. తినేముందు ఓప్వాతెక్ అని పల్చటి అప్పం లాంటిది తలా ఒకటి ఇస్తారు. మీది ఎదుటివాళ్లకి చాపితే వాళ్లు కొంచెం విరుచుకుంటారు, మీరు వాళ్లదాంట్లోంచి విరుచుకోవాలి, ఒకరికొకరు మంచి జరగాలని చెప్పుకోవాలి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరితోనూ ఇలాగే. ఎవరినీ వదలకండి, తెలుసుకోవాల్సింది ఇదొక్కటే.

వంటగది కబుర్లు:
ఇటలీలోనూ ముందురాత్రి చేపలే, ఏడు చేపల విందు అంటారు. ఈ ఉపవాసాల వల్ల వంటలే మారిపోయాయి. జర్మనీలో స్టోలెన్ అని ఎండుద్రాక్షలు వేసి, పైన పంచదార పొడి దట్టంగా చల్లిన క్రిస్మస్ రొట్టె ఉంది కదా, మొదట్లో అది ఏ రుచీ లేని ఉపవాసపు రొట్టె. పండగ ముందు వారాల్లో వెన్న వాడకూడదు, నూనెతోనే చేసుకోవాలి. అక్కడి పాలకులు పోప్‌కి మొరపెట్టుకోగా 1491లో 8వ ఇన్నోసెంట్ వెన్న వాడుకోవడానికి అనుమతిచ్చాడు. ఇప్పుడు డ్రెస్డెన్ స్టోలెన్ అని పేరు పెట్టాలంటే 100 కిలోల పిండికి కనీసం 50 కిలోల వెన్న పడాల్సిందే!

దారిపక్కచెట్టు:
చిన్న సవరణ. ఆ ఏడు లెక్క అమెరికాలో స్థిరపడ్డ ఇటలీవాళ్ల మధ్య పేరుపడింది. ఇటలీలో ముందురాత్రి చేపలు తింటారు గానీ ఇన్ని రకాలని పట్టింపు లేదు.

ఉపవాసం మాటొస్తే ఇథియోపియా గురించి చెప్పకపోతే ఎలా. అక్కడ పండగ జనవరి 7న, గెన్నా అంటారు. దానికి ముందు ఆర్థడాక్స్ క్రైస్తవులు 43 రోజులు మాంసం, పాలు, గుడ్లు ఏవీ తినరు. నేను అడిస్ అబాబాలో పనిచేసినప్పుడు పక్కింటావిడ డోరో వాట్ అనే కోడికూర వండుతుంటే దగ్గరుండి చూశాను. బోలెడు ఉల్లిపాయలు సన్నగా తరిగి, చుక్క నూనె లేకుండా ఒట్టి గిన్నెలో సన్నటి సెగ మీద కలుపుతూనే ఉంది, అవి ముద్దయ్యి రంగు మారాకే కారప్పొడి, ఆ తర్వాతే మసాలా నెయ్యి. ఆ కోడిని కూడా 12 ముక్కలుగా కోయడమే వాళ్ల పద్ధతి. చివర్లో ఉడికించిన గుడ్లు వేసి, ఇంజెరా అనే దోశలాంటి రొట్టె మీద అందరూ ఒకే పళ్లెంలో తింటారు. అన్ని రోజుల తర్వాత ఆ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

వెన్నెలమెట్టు:
అందరికీ ఇదే లెక్క కాదండోయ్. డెన్మార్క్‌లో అదే 24 రాత్రి బాతో పంది మాంసమో వేయిస్తారు, పక్కన పాకం పట్టిన బంగాళాదుంపలు. ప్రొటెస్టెంట్లు కావడంతో ఆ ఉపవాసాలు ఎప్పుడో వదిలేశారు. చివర్లో వచ్చే రిసలమాండ్ నాకు ప్రాణం, మీగడ కలిపిన చల్లటి అన్నం మీద వేడి చెర్రీ సాస్. దాంట్లో బాదం తరుగుతో పాటు ఒకే ఒక్క నిండు బాదం దాస్తారు, అది దొరికినవాళ్లకి బహుమతి. దొరికినా చెప్పరు, బుగ్గన పెట్టుకుని కూర్చుంటారు, గిన్నె ఖాళీ అయ్యేదాకా మిగతావాళ్లు తింటూనే ఉంటారు.

నీలిమేఘం:
అందరికీ థాంక్స్, వెళ్లొచ్చాను. బల్లమీద గుడ్డ కింద ఎండుగడ్డి పరిచారు. అనుకోకుండా ఎవరైనా వస్తే ఉండాలని ఒక ప్లేటు అదనంగా పెడతారట, అది నాకేననుకుని అక్కడ కూర్చోబోతే అమ్మగారు చెయ్యి పట్టుకుని వేరే కుర్చీ చూపించారు. నాది ఇంట్లోవాళ్ల వరసలోనే పెట్టారు, ఆ ప్లేటు చివరిదాకా ఖాళీగానే ఉంది. అప్పం విరిచేటప్పుడు వాళ్ల తాతగారు పోలిష్‌లో ఏదో చాలాసేపు చెప్పారు, సగం అర్థం కాలేదు కానీ నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కార్ప్‌లో ముళ్లు ఎక్కువ, మెల్లగా తినాల్సి వచ్చింది. వచ్చేటప్పుడు అమ్మగారు ఆ చేప పొలుసు ఒకటి కడిగి ఇచ్చి పర్సులో దాచుకోమన్నారు, ఏడాదంతా డబ్బుకి లోటుండదట. వెంటనే అక్కడే పెట్టుకున్నాను.