కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ డిగ్రీ లేదా? చదివినవాళ్ళు చెప్పండి

గుంటూరు_నాన్న:
మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ఫిజిక్స్ అంటే ప్రాణం. కేంబ్రిడ్జ్ డిగ్రీ కోర్సుల పట్టికంతా వెతికాం, ఫిజిక్స్ పేరే కనబడలేదు. కావెండిష్ లాబొరేటరీ లాంటి పేరున్న ఫిజిక్స్ ల్యాబ్ ఉన్న చోట ఫిజిక్స్ డిగ్రీ లేకపోవడం ఏమిటి? ఇక్కడ ఒక కన్సల్టెన్సీలో అడిగితే "లేదండి, వేరేది చూసుకోండి" అన్నారు. నిజమేనా?

రాళ్ళబాట:
కాదండి. డిపార్ట్‌మెంట్ పేరుతో వెతికితే దొరకదు. అక్కడ డిగ్రీ కోర్సును ట్రైపోస్ అంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, జువాలజీ, జియాలజీ అన్నీ నేచురల్ సైన్సెస్ ట్రైపోస్‌లోనే. మొదటి ఏడాది మూడు సైన్సులు, వాటితోపాటు మ్యాథ్స్ తప్పనిసరి. మూడో ఏడాదికి చాలామంది ఒక్క సబ్జెక్టులో నిలుస్తారు. ఫిజిక్స్‌లో నాలుగో ఏడాది కూడా చదివితే మాస్టర్స్ చేతికొస్తుంది.

నేను వెళ్ళింది ఫిజిక్స్ కోసమే. మూడోది ఏదో ఒకటి పెట్టాలి కదా అని ఎర్త్ సైన్సెస్ పెట్టాను. డౌనింగ్ వీధిలో సెడ్జ్‌విక్ మ్యూజియం ఆ డిపార్ట్‌మెంట్ భవనంలోనే ఉంటుంది. ప్రాక్టికల్ అయ్యాక ఆ శిలాజాల బీరువాల ముందు నిలబడితే తిండి వేళ కూడా గుర్తుండేది కాదు. చివరికి జియాలజీలోనే తేలాను. చదివిన ఫిజిక్స్ వృథా కాలేదు, భూకంప తరంగాలకు అదే ఆధారం. మన దగ్గర బీటెక్‌లో చేరాక బ్రాంచి మారాలంటే ఎంత కష్టమో తెలుసు కదా. పిల్లలకు మనసు మార్చుకునే వ్యవధి ఇస్తుందనే నాకు ఆ చదువంటే అంత ఇష్టం.

శారద_విశాఖ:
ఒక మాట ముందే తెలుసుకోండి. మూడేళ్ళు సైన్స్ చదివినా పట్టా మీద బీఏ అనే ఉంటుంది. మా అబ్బాయిది చూసి మా మరిది "సైన్స్ అన్నారుగా, బీఏ ఏంటి వదినా" అని కంగారుపడ్డాడు. ఇక్కడ ఉద్యోగానికి వెళ్ళినప్పుడూ అదే ప్రశ్న. ఏయే సబ్జెక్టులు చదివాడో చూపే ట్రాన్స్‌క్రిప్ట్ దగ్గర పెట్టుకోమనండి.

వరంగల్_పిల్ల:
కాలేజీ వేరు, డిపార్ట్‌మెంట్ వేరు. లెక్చర్లు, ల్యాబులు డిపార్ట్‌మెంట్‌వి. సీటు, వసతి, సూపర్‌విజన్ కాలేజీ చూస్తుంది. మొత్తం 31 కాలేజీలు. సూపర్‌విజన్ అంటే ఒక టీచరు, ఎదురుగా ఇద్దరు ముగ్గురు, గంటసేపు. లెక్కలు ముందే చేసి ఇవ్వాలి. లెక్చర్లుండే టర్ము ఎనిమిదే వారాలు, పరుగే పరుగు.

తెలియదని టీచరు ముందు చెప్పడం నాకు అలవాటు లేదు. మొదటి రెండు వారాలూ టెన్షన్‌తో తలూపాను. తర్వాత, ఎక్కడ ఆగిపోయానో అక్కడ గీత గీసి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. ఆ గంట పాఠం ఆ గీత దగ్గరే మొదలయ్యేది. అంత దగ్గరగా కూర్చుని నాకు చదువు చెప్పినవాళ్ళు అంతకుముందు లేరు.

పాత_స్టాట్స్_మాస్టారు:
స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరున్న సి.ఆర్. రావు గారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆంధ్ర యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎంఏ చేసిన ఆయన 1946లో కేంబ్రిడ్జ్ వెళ్ళింది ఆంత్రపాలజీ మ్యూజియంలో పనికి. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం ఆ పని. అది చేస్తూనే కింగ్స్ కాలేజీ నుంచి 1948లో పీహెచ్‌డీ పొందారు. గైడు ఆర్.ఎ. ఫిషర్, అప్పుడాయన అక్కడ జెనెటిక్స్ ప్రొఫెసర్! ఎముకలు ఒక చోట, గైడు ఇంకో శాఖలో, పుట్టింది స్టాటిస్టిక్స్.

రాళ్ళబాట:
మాస్టారూ, ఇది మా పిల్లలకు చదివి వినిపిస్తాను.

గుంటూరు గారూ, అప్లికేషన్ గడువు అక్టోబర్ 15. ఇసాట్ అనే పరీక్షకు అంతకన్నా ముందే విడిగా రిజిస్టర్ కావాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ పేరుతోనే కోర్సు ఉంది, కానీ ఒకే ఏడాది రెండింటికీ అప్లై చేయనివ్వరు.

గుంటూరు_నాన్న:
అందరికీ దండాలు. అమ్మాయి పట్టిక ముందేసుకుని కూర్చుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ రాసేసింది. మూడో గడిలో మెటీరియల్స్ సైన్స్ రాసి, కొట్టేసి, ఎర్త్ సైన్సెస్ అని రాసింది. రాళ్ళబాట గారూ, భూకంప తరంగాల గురించి ఇంటర్ లెక్కలతో ఇప్పుడే మొదలుపెట్టొచ్చా అని అడుగుతోంది.