స్విచ్‌లో లైట్లన్నీ వెలుగుతున్నాయి, నెట్ మాత్రం రావడం లేదు (శ్రీకాకుళం)

అరసవల్లి_కుర్రోడు:
అన్నలూ, ఎవరైనా దారి చూపించండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టిన పని, చీకటి పడినా తెమలలేదు. కింద హాల్లో నెట్ బాక్సు ఉంది. మేడ మీద గదిలోకి వైఫై సరిగ్గా అందదు. అందుకని గోడ బయట నుంచి కేబుల్ లాగి పైన స్విచ్ (ఒక నెట్ కేబుల్‌ని చాలా పరికరాలకి పంచే పెట్టె) పెట్టాను. బాక్సు నుంచి కంప్యూటర్‌కి ఒక కేబుల్, టీవీకి ఒక కేబుల్. అన్ని లైట్లూ పచ్చగా వెలుగుతున్నాయి. నెట్ మాత్రం దేనికీ రాదు. కేబుళ్లు మార్చాను, బాక్సు ఆపి మళ్లీ వేశాను, కంప్యూటర్ రీస్టార్ట్ చేశాను. సోమవారం పొద్దున్న చెల్లికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. కింద హాల్లో జనం, టీవీ, కుక్కర్ విజిళ్లు. పై గది తప్ప వేరే చోటు లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. అంతా సరిగ్గానే పెట్టాను. స్విచ్ పోయిందంటారా?

గంటస్తంభం:
మోడల్ నంబరు?

రాగితీగ:
కేబుల్ ఏ రకమో రాయలేదు. ముందు అక్కడ చూడండి. క్యాట్ 6 అని అమ్మే చవక కేబుళ్లలో చాలావాటిలో ఉండేది అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. మిగిలిన ముక్క ఉంటే లోపలి తీగని బ్లేడుతో గీరండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. అది రెండు మూడు సార్లు వంచితే లోపలే విరుగుతుంది, పై తొడుగు చూస్తే ఏమీ తెలియదు.

తర్వాత క్రింపింగ్, అంటే కేబుల్ చివర కనెక్టర్ బిగించడం. రెండు చివరలా వరుస ఒకటే ఉండాలి: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. చాలామంది ఆకుపచ్చ జతని పక్కపక్కనే పెట్టేస్తారు, అది నీలం జతకి అటొకటి ఇటొకటి ఉండాలి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ తగలాలి. పై తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్లి దాని నొక్కు కింద ఇరుక్కోవాలి. తీగలు బయటికి కనిపిస్తుంటే ఆ క్రింపింగ్ ఎక్కువ కాలం నిలవదు. కేబుల్ విషయంలో వంద రూపాయలు మిగుల్చుకుని తర్వాత గోడలు పగలగొట్టుకోకండి.

అరసవల్లి_కుర్రోడు:
మోడల్ నంబరు లేదన్నా, వెనక స్టిక్కర్ చిరిగిపోయింది. మామూలు స్విచ్చే. కేబుల్ షాపులో రెడీమేడ్‌గా కొన్నది, క్రింపింగ్ నేను చేయలేదు.

నాగావళి_ఒడ్డు:
బాబూ, కేబుల్ గోడ బయట నుంచి వెళ్లిందన్నారు. నేను విద్యుత్తు పనిలోనే రిటైరయ్యాను, అందుకే ఇది చెప్పకుండా ఉండలేను. ఎండాకాలం సాయంత్రాలు మన జిల్లాలో ఉరుములతో వానలు ఎలా పడతాయో మీకు తెలుసు. పిడుగు మీ ఇంటి మీదే పడనక్కర్లేదు. దగ్గర్లో పడినా బయట సాగిన రాగి కేబుల్లో వోల్టేజి పుడుతుంది. అది ఒక చివర స్విచ్‌ని, ఇంకో చివర నెట్ పరికరాన్ని పట్టుకుపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉండగా మా వీధిలో ఎన్ని అడాప్టర్లు పోయాయో. ఇంటికి ఎర్తింగ్ ఉందా? ఉంటే ఆ గుంతలో వేసవిలో నీళ్లు పోస్తున్నారా? బొగ్గూ ఉప్పూ వేసి మూసేసి మరిచిపోతే, మట్టి ఎండిపోయి ఎర్త్ ఉన్నా లేనట్టే. వీలైతే ఆ కేబుల్‌ని మెట్ల లోపలి వైపు నుంచి మార్చండి. పక్కింటికో, వెనక షెడ్డుకో లాగాల్సి వస్తే మాత్రం రాగి వద్దు, ఫైబర్ వేయండి. ఫైబర్‌లో కరెంటు ప్రయాణించదు.

అరసవల్లి_కుర్రోడు:
మాస్టారూ, తప్పకుండా చూస్తాను. కానీ ఇప్పుడు పిడుగులేమీ పడలేదు. స్విచ్ పనిచేస్తోంది, లైట్లు కూడా వస్తున్నాయి. నెట్ రావడం లేదు, అంతే.

బొబ్బిలి_వీణ:
తమ్ముడూ, ఒక్కొక్కటీ అడుగుతాను, చూసి చెప్పు. పైన "బాక్సు" అని కింద ఉన్నదాన్నీ అన్నావు, స్విచ్‌నీ అన్నావు. కంప్యూటర్, టీవీ కేబుళ్లు పైన స్విచ్‌లోనే ఉన్నాయి కదా? ఇప్పుడు కింద నుంచి వచ్చిన కేబుల్‌ని స్విచ్‌లోంచి తీసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టు. నెట్ వస్తుందా? కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే ఐపీవీ4 ఎదురుగా ఏ నంబరు కనిపిస్తోంది? మళ్లీ స్విచ్ ద్వారా పెట్టి అదే చూడు. రెండు నంబర్లూ ఇక్కడ రాయి.

అరసవల్లి_కుర్రోడు:
అక్కా, అవును, స్విచ్‌లోనే. నేరుగా పెడితే నెట్ వస్తోంది, స్పీడ్ కూడా బావుంది. 192.168.1.7 అని చూపిస్తోంది. స్విచ్ ద్వారా పెడితే 169.254తో మొదలయ్యే నంబరు ఏదో వస్తోంది.

బొబ్బిలి_వీణ:
సగం పని అయిపోయింది. నేరుగా పెడితే వచ్చిందంటే కింద పరికరం బావుంది, గోడ కేబుల్ కూడా బావుంది. 169.254 అనేది కింద నుంచి వచ్చిన నంబరు కాదు. అడ్రస్ ఇవ్వమని కంప్యూటర్ అడిగింది, ఎవరూ పలకలేదు, అప్పుడు తనంతట తానే ఒకటి పెట్టుకుంది. అది అడిగింది కింద దాకా చేరడం లేదు. చూడాల్సింది స్విచ్ దగ్గరే.

రాగితీగ:
స్విచ్ నుంచి కంప్యూటర్‌కి వెళ్లే చిన్న కేబుల్ ఇంకా మిగిలే ఉంది కదా. దాన్ని ఎవరు చూశారు?

బొబ్బిలి_వీణ:
నిజమే. కానీ కంప్యూటర్‌కీ టీవీకీ రెండింటికీ నెట్ లేదు, కేబుళ్లు మార్చి చూశాడు కూడా. రెండూ ఒకేలా చెడిపోవడం అరుదు.

చీపురుపల్లి_నెట్‌వర్కింగ్:
ఇంకో కోణం చూడండి. కొన్నిచోట్ల కింద పరికరం బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటుంది, అంటే తను అడ్రస్‌లు పంచకుండా నెట్‌ని అలాగే దాటిస్తుంది. అప్పుడు నెట్ ఇచ్చేవాళ్లు ఒక్క పరికరానికే అడ్రస్ ఇస్తారు. స్విచ్ పెట్టి రెండోది తగిలిస్తే దానికి రాదు. అలాగే కింద నుంచి స్విచ్‌కి పొరపాటున రెండు కేబుళ్లు వెళ్తే లూప్ అయి, అంటే డేటా అక్కడక్కడే తిరుగుతూ, మొత్తం ఆగిపోతుంది. లైట్లన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయా?

బొబ్బిలి_వీణ:
బ్రిడ్జ్ అయితే నేరుగా పెట్టినప్పుడు 192.168 వచ్చేది కాదు. ఇళ్లలో లోపలికి ఇచ్చే నంబరు అది. కాబట్టి కింద పరికరమే అడ్రస్‌లు పంచుతోంది.

అరసవల్లి_కుర్రోడు:
కింద నుంచి ఒక్క కేబులే వచ్చిందన్నా. లైట్లు మామూలుగా మిణుకుతున్నాయి.

గంటస్తంభం:
ఫొటో పెట్టు. ముందువైపు.

అరసవల్లి_కుర్రోడు:
[ఫొటో]

పాలకొండరోడ్డు_కెమెరాలు:
ఏటి తమ్ముడూ, ఇది కెమెరాల స్విచ్ కదా! మామూలు స్విచ్ అన్నావు. ఈ ముక్క మొదట్లోనే తెలిసి ఉంటే ఇంతసేపు పట్టేది కాదు.

ఫొటోలో ఎడమ చివర చూడు, ఒకటో పోర్టుకి ముందు చిన్న జారుడు మీట ఉంది. వేలి గోరుతో జరపాల్సినంత చిన్నది. పక్కన అక్షరాలు అరిగిపోయాయి గానీ నాకు తెలుసు, రోజూ పెట్టేవే. మూడు స్థానాలు: డిఫాల్ట్, వీలాన్, ఎక్స్‌టెండ్. నీది మధ్యలో వీలాన్ మీద ఉంది. ఇక కుడివైపు, ఎనిమిది పోర్టుల వరుసకి కాస్త ఎడంగా ఇంకో రెండు ఉన్నాయి. అవి అప్‌లింక్, అంటే నెట్ వచ్చే వైపు కేబుల్ పెట్టే పోర్టులు. నువ్వు కింద నుంచి వచ్చిన కేబుల్‌ని ఒకటో పోర్టులో పెట్టావు, కంప్యూటర్‌ని రెండులో, టీవీని మూడులో.

మీట వీలాన్ మీద ఉంటే ఒకటి నుంచి ఎనిమిది దాకా ఉన్న పోర్టులు వాటిలో అవి మాట్లాడుకోవు, అప్‌లింక్‌తోనే మాట్లాడతాయి. ఒకే మేడలో అద్దెకున్నవాళ్లు వీధి గుమ్మంలోంచి వస్తూ పోతూ ఉంటారు గానీ ఒకరి వాటాలోకి ఒకరు వెళ్లరు, అలాగన్నమాట. ఒక కెమెరా చెడిపోయి చెత్త పంపినా మిగతావాటికి తగలకుండా ఉండాలని అలా పెడతాం. రికార్డరు అప్‌లింక్ మీద ఉంటుంది కాబట్టి కెమెరాల పనికి అడ్డం రాదు. ఇంట్లో వాడేటప్పుడే ఇలా ఇరుకున పెడుతుంది. లైట్ వెలిగిందంటే రెండు చివరలూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాయనే అర్థం. డేటాని ఎటు పోనిస్తుందో లైట్ చెప్పదు.

చెయ్యాల్సింది: కింద కేబుల్ అప్‌లింక్‌లో పెట్టు. మీట డిఫాల్ట్ వైపు జరుపు. స్విచ్‌కి పవర్ తీసి మళ్లీ ఇవ్వు, కొన్ని మోడళ్లలో అప్పుడు గాని మార్పు పట్టుకోదు. ఎక్స్‌టెండ్ వైపు మాత్రం పోనివ్వకు. 250 మీటర్ల దూరం కెమెరా పెట్టుకోడానికి అది, ఆ పోర్టుల స్పీడ్‌ని 10 ఎంబీపీఎస్‌కి దించేస్తుంది.

అరసవల్లి_కుర్రోడు:
అవునన్నా, నరసన్నపేటలో మా బాబాయ్ షాపులో కెమెరాలు మార్చినప్పుడు మిగిలిన స్విచ్. స్విచ్ ఏదైనా ఒకటే కదా అని ఆ సంగతి రాయలేదు. టీవీకి ఇందులోంచి కరెంటు వెళ్లి ఏమైనా అవుతుందా మరి? కెమెరాలకి ఇందులోంచే కరెంటు వెళ్లేది.

చీపురుపల్లి_నెట్‌వర్కింగ్:
ఒక్క సవరణ. అది వీలాన్ కాదు. వీలాన్ అంటే 802.1క్యూ, అందులో ఏ గుంపుదో చెప్పే ట్యాగ్‌తో ఫ్రేములు (డేటా ముక్కలు) వెళ్తాయి. ఈ స్విచ్‌లో ఉన్నది పోర్ట్ ఐసోలేషన్, పోర్టులని ఒకదానికొకటి తగలకుండా విడదీయడం. కంపెనీలు పెట్టె మీద వీలాన్ అని అచ్చు వేసి జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నాయి.

పాలకొండరోడ్డు_కెమెరాలు:
అన్నా, పెట్టె మీద ఉన్న పేరే చెప్పాలి కదా. ఫోన్లో కస్టమర్‌కి "పోర్ట్ ఐసోలేషన్ మీట జరపండి" అంటే ఆయన ఎక్కడని వెతుకుతారు?

చీపురుపల్లి_నెట్‌వర్కింగ్:
రేపు ఆ కస్టమరే మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) కొనుక్కుని అందులో వీలాన్ చూసి ఇదీ అదీ ఒకటే అనుకుంటాడు. నేర్చుకునే కుర్రాళ్లు ఇక్కడ చదువుతున్నారు, అందుకే అన్నాను.

గంటస్తంభం:
ముందు ఆ అబ్బాయి టీవీ సంగతి చెప్పండి.

నాగావళి_ఒడ్డు:
టీవీ గురించి మంచి ప్రశ్న అడిగారు బాబూ. నెట్ కేబుల్లోంచే కరెంటు పంపడానికి (దీన్నే పీఓఈ అంటారు) 802.3ఏఎఫ్ అని 2003లో ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం చేసిన స్విచ్ కరెంటు ఊరికే వదలదు. ముందు చిన్న వోల్టేజి పంపి, అవతల 25 కిలో ఓమ్‌ల నిరోధం కనిపిస్తేనే 48 వోల్టుల దగ్గర కరెంటు ఇస్తుంది. టీవీలో, కంప్యూటర్‌లో ఆ నిరోధం ఉండదు, కాబట్టి వాటికి ఇవ్వదు. ప్యాసివ్ పీఓఈ అని ఇంకో రకం ఉంది, అది అడగకుండానే ఎప్పుడూ కరెంటు వదులుతుంది. దానికి టీవీ తగిలించకూడదు.

పాలకొండరోడ్డు_కెమెరాలు:
మాస్టారు చెప్పింది కరెక్ట్. ఈ స్విచ్‌లో పోర్టు పోర్టుకీ పీఓఈ లైటు విడిగా ఉంది. ఫొటోలో టీవీ పెట్టిన మూడో పోర్టు దగ్గర ఆ లైటు ఆరి ఉంది, కంప్యూటర్ దగ్గరా ఆరి ఉంది. కరెంటు ఇవ్వట్లేదు. ఇంకా భయంగా ఉంటే కంప్యూటర్‌ని రెండో అప్‌లింక్‌లో పెట్టేయ్, అందులో పీఓఈ ఉండదు.

బొబ్బిలి_వీణ:
తమ్ముడూ, మీట జరపడం కుదరకపోయినా కింద కేబుల్ అప్‌లింక్‌లోకి మారిస్తే చాలు, నెట్ వచ్చేస్తుంది. కాకపోతే ఆ ఎనిమిది పోర్టుల్లో ఉన్న కంప్యూటర్, టీవీ ఒకదానికొకటి కనిపించవు. కంప్యూటర్‌లోని సినిమా టీవీలో వేసుకోవాలంటే మీట జరపక తప్పదు. ఇంటర్వ్యూకి మాత్రం ఏదైనా సరిపోతుంది. ఆదివారం సాయంత్రమే ఒకసారి వీడియో కాల్ చేసి చూసుకోమను. కెమెరా, మైక్ కూడా అప్పుడే తేలిపోతాయి.

రాగితీగ:
ఆ రెడీమేడ్ కేబుల్ మీద క్యాట్ 5ఈ అని అచ్చు ఉందా, ఇంకేమైనా ఉందా? చెప్పకుండా వెళ్లిపోకండి.

అరసవల్లి_కుర్రోడు:
వచ్చింది, రెండింటికీ. పవర్ తీసి పెట్టాకే వచ్చింది. థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. అన్నానికి వెళ్తున్నా.

రాగితీగ:
స్పీడ్ ఎంత చూపిస్తోంది? నేరుగా పెట్టినప్పుడు ఎంత ఉండేది?

పాలకొండరోడ్డు_కెమెరాలు:
కెమెరాల స్విచ్‌లు చాలావాటిలో ఆ ఎనిమిది పోర్టులూ 100 వరకే. వీడియో కాల్‌కీ టీవీకీ అది చాలు.

రాగితీగ:
చాలని ఇప్పుడు అంటాం. రేపు పెద్ద ప్లాన్ తీసుకున్నాక 100 దగ్గర ఆగిపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు. కేబుల్ మీద ఏం రాసుందో చూసి చెప్పండి బాబూ.