రాళ్ళ తోటలో అడీనియం: వానలకు దుంప మెత్తబడుతోంది

సందేహం: హైదరాబాద్‌లో ఇంటి ముందు గ్రానైట్ రాళ్ళు పేర్చి, సందుల్లో ఎర్రమట్టి, పశువుల ఎరువు సగం సగం నింపి అడీనియం (ఎడారి గులాబీ) పెట్టాం. ఎండాకాలమంతా బాగా పూశాయి. వానలు మొదలయ్యాక ఒక మొక్క ఆకులు పండిపోయి రాలుతున్నాయి. నీళ్ళు చాలడం లేదేమోనని రోజూ పోస్తున్నాం. దుంప, అంటే ఉబ్బిన మొదలు, ఒకవైపు మెత్తగా ఉంది. బతుకుతుందా అండీ?

జవాబు: నీళ్ళు వెంటనే ఆపండి. దుంప వడలి ముడతలు పడితే దాహం. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగి చెమ్మ ఊరితే కుళ్ళు. ఈరోజే పెకలించి, వేళ్ళ మట్టి కడిగి, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో మెత్తబడ్డ భాగం తీసేయండి. కోసిన చోట తెల్లగా, గట్టిగా కనబడేదాకా పలచగా చెక్కుతూ పోవాలి. గోధుమరంగు మచ్చ ఒక్కటి మిగిలినా అక్కణ్ణుంచే మళ్ళీ మొదలవుతుంది. ప్రతి కోతకూ కత్తి తుడవండి. కోతకు కార్బెండాజిమ్, మాంకోజెబ్ కలిసిన బూజు మందు పొడి అద్ది, గాలాడే నీడలో తలకిందులుగా వేలాడదీసి వారం పది రోజులు ఆరనివ్వండి. కోత ఎండి గట్టి పొర కట్టాక తడి లేని మట్టి మిశ్రమంలో నాటి, ఇంకో వారం నీళ్ళు పోయకండి. చేతికి తొడుగులు తప్పనిసరి. ఇది గన్నేరు కుటుంబం మొక్క, పాలు విషం. ఆఫ్రికాలో వేట బాణాలకు పూసేవారు.

మరొకరి జవాబు: మొక్క దక్కినా ఆ మట్టిలోనే పెడితే మళ్ళీ ఇదే తంతు. సగానికి సగం ఎరువు వేస్తే వానల్లో తడి ఆరనే ఆరదు. దొడ్డు ఇసుక రెండు పాళ్ళు, శనగగింజంత ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, బాగా మాగిన ఎరువు ఒక పాలు చాలు. ఇటుక పొడిని జల్లించి తీసేయండి, అది అడుగుకు చేరి నీటి దారి మూసేస్తుంది.

అంతకన్నా ముఖ్యం, రాళ్ళ సందు అడుగున బండ ఉందేమో చూడండి. గుంత ఖాళీ చేసి బకెట్ నీళ్ళు పోయండి. కాసేపటికీ ఇంకకపోతే, ఏ మిశ్రమం వేసినా వేళ్ళు నీళ్ళలోనే నానతాయి. పల్లం వైపు ఒక రాయి జరిపి నీటికి దారి ఇవ్వాలి. మొక్కను జానెడు ఎత్తు దిబ్బ మీద, దుంప పై భాగం బయటికి కనబడేలా నాటి, మొదలు చుట్టూ గులకరాళ్ళు పరవండి.

సందేహం: మిగతావాటికి ఇప్పుడే మట్టి మార్చాలా? ఒకటి ఏపుగా ఉన్నా పూయడం లేదు.

జవాబు: దుంప గట్టిగా ఉంటే ముసుర్లో కదపకండి. మొదలు చుట్టూ మట్టి లాగేసి నీళ్ళు మళ్ళించండి చాలు. ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదట్లో మార్చుకోండి. కొమ్మలు కత్తిరించేదీ అప్పుడే, ఎందుకంటే మొగ్గలు కొత్త చిగురు కొసల్లోనే వస్తాయి. నత్రజని ఎక్కువైతే ఆకే గానీ పువ్వుండదు. పశువుల ఎరువు ఆపి పొటాష్ కొద్దిగా ఇవ్వండి. రోజుకు ఆరు గంటల పాటు ఎండ తగలాలి. అంటు మొక్కయితే అతుకు కింద వచ్చే చిగుళ్ళు గిల్లేయండి, లేకపోతే అవే పెరిగి అంటును అణిచేస్తాయి. మార్చాక కొత్తగా బయటపడ్డ దుంపను మాత్రం రెండు వారాలు మధ్యాహ్నపు ఎండ నుంచి కాపాడండి. గ్రానైట్ వేడి కూడా తోడై తొక్క కమిలిపోతుంది.